మేస్త్రి కలిపిన ఇసుక రంగు

పోయిన నెల బెజవాడ వెళ్లినప్పుడు కారు వెనక బంపర్ గీసుకుపోతే ఆటోనగర్ తీసుకెళ్లాను. కారు దిగానో లేదో థిన్నర్ వాసన గుప్పుమంది. పక్క షెడ్డులో ఎవరో లారీ క్యాబిన్‌కి లప్పం పట్టి, నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్‌తో రుద్దుతున్నారు. తడి లప్పం, థిన్నర్, ఎండకి కాగిన రేకు, అన్నీ కలిసిన వాసన అది. నాకు ఇష్టమైన వాసన అంటే మా ఆవిడ నవ్వుతుంది.

షెడ్డు కుర్రాడు కారు మీద స్టిక్కర్ వెతికి కలర్ కోడ్ చూసుకున్నాడు. కంప్యూటర్లో కొట్టాడు. తూకం మీద డబ్బా పెట్టి, స్క్రీన్ మీద ఎంత చెబితే అంత పోశాడు. కాసేపట్లో నా కారు రంగు తయారు. బాగానే కలిసింది, వంక పెట్టడానికేం లేదు. కానీ అక్కడ స్టూలు మీద కూర్చున్నంతసేపూ నాకు మా మేస్త్రే గుర్తొచ్చాడు. అగ్గిపుల్లతో రంగు కలిపి, బొటనవేలి గోరు మీద రాసుకుని, ఎండలోకెళ్లి చూసుకుని, "ఇంకో చుక్క నలుపు పడాలి" అంటూ లోపలికొచ్చే మనిషి.

*

మేస్త్రికి పేరు ఉండే ఉంటుంది. మేమెవరమూ అడగలేదు. నాన్న మేస్త్రీ అనేవాడు, లారీ ఓనర్లు మేస్త్రీ అనేవారు, క్యారేజీ పట్టుకొచ్చిన ఆయన భార్య కూడా గుమ్మంలో నిలబడి "మేస్త్రి ఉన్నాడా" అనే అడిగేది.

నాన్న ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసేవాడు. మా ఇల్లు పటమటలో. సెలవుల్లో నాన్నకి అన్నం తీసుకెళ్లడం నా పని. అది ఇచ్చేసి తిన్నగా ఇంటికి రాకుండా మేస్త్రి షెడ్డులో దూరేవాణ్ణి. ఆటోనగర్ కంటికి కనపడక ముందే చెవిలో పడేది. డెంటింగ్ వాళ్ల సుత్తి దెబ్బలు, గ్యాస్ వెల్డింగ్ బుస్సుమనడం, కొత్తగా బిగించిన హారన్ పనిచేస్తుందో లేదోనని ఊరికూరికే కొట్టి చూడటం, వీటన్నిటి మధ్యలో వివిధభారతి. పాట ఎవరికీ పూర్తిగా వినపడేది కాదు, అయినా రేడియో కట్టేసేవాళ్లు కాదు.

పాత లారీ వస్తే ముందు రంగు గీకేవారు. కింద తుప్పు కనపడితే మేస్త్రి మొహం ఇంట్లో చెదలు చూసినట్టు అయిపోయేది. ఆ తుప్పంతా వదిలేదాకా రుద్దించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, సొట్టల్లో లప్పం పట్టించి, ఆరాక మళ్లీ రుద్దించి, అప్పుడు వచ్చి అరచేత్తో తడిమేవాడు. కళ్లు మూసుకుని తడిమేవాడు. కంటికి దొరకని గుంట చేతికి దొరుకుతుందని చెప్పేవాడు. అంతా అయ్యాక ఉడత వెంట్రుకల బ్రష్షు తీసేవాడు. పక్కల తామరపూలు, వెనక హారన్ ప్లీజ్, ముందు శ్రీ కనకదుర్గ ప్రసన్న. గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. చూసేవాళ్లం కూడా బిగబట్టేవాళ్లం.

*

మా చిన్నమామయ్య మిలిటరీలో ట్యాంకు డ్రైవర్. అమ్మమ్మగారి ఊళ్లో ఈ మాట చెబితే నీళ్ల ట్యాంకర్ అనుకున్నవాళ్లు ఉన్నారు. అహ్మద్‌నగర్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత బబీనా, పటియాలా, సూరత్‌గఢ్ అని ఇన్లాండ్ లెటర్ల మీద ఊళ్ల పేర్లు మారుతుండేవి. రెండు నెలల సెలవు ఆయనకి ఎప్పుడూ మే నెలకే దొరికేది. ఎడారి ఎండ నుంచి బెజవాడ ఎండకి రావడం కూడా ఒక సెలవేనా అని అమ్మ బాధపడేది. నల్ల ఇనప ట్రంకు, దాని మీద తెల్ల అక్షరాలతో పేరు, నంబరు. మూత తీస్తే క్యాంటీన్ సబ్బుల వాసన. అడుగున తువ్వాలు చుట్టిన రమ్ము సీసా నాన్నకి. అది ఉందని అమ్మకి తెలుసు, తెలియనట్టు ఉండేది.

మామయ్య నడిపే బళ్లని నేను ఆయన కంటే ముందు రైల్వే స్టేషన్లో చూశాను. ట్యాంకులు తయారుచేసే ఆవడి ఫ్యాక్టరీ మద్రాసు పక్కనే. అక్కడి నుంచి రైల్లో ఢిల్లీ వైపు పోవాలంటే బెజవాడ జంక్షన్ మీదుగానే దారి. అప్పుడప్పుడూ మిలిటరీ స్పెషల్ వచ్చి యార్డులో ఆగేది. చదును వ్యాగన్ల మీద టార్పాలిన్లు కప్పిన ట్యాంకులు, గన్ను మూతికి తొడిగిన గుడ్డ సంచీలు, ట్యాంకు పట్టాల కింద చెక్కముక్కలు, చుట్టూ బిగించిన ఇనప తాళ్లు. ఒక జవాను వ్యాగన్ మీదే స్టవ్వు వెలిగించి రొట్టెలు కాలుస్తుంటే పైన ఫుట్ బ్రిడ్జి మీద నుంచి ఊరంతా చూసేది. ఆయన మటుకు పైకి చూసేవాడు కాదు.

*

ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో పెదనాన్న కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. అందరికీ సెంట్లు, చాక్లెట్లు, టీషర్టులు. నాకు ఒక అట్టపెట్టె. మూత మీద టీ-72 ట్యాంకు బొమ్మ, ఓ మూల ఎరుపు, నీలం పలకల్లో రెండు తెల్ల నక్షత్రాలు. జపాన్ వాళ్ల తమియా కిట్టు. మిలిటరీ మామయ్య ఉన్నాడు కదా అని తెచ్చాడట. తెరిస్తే లోపల ట్యాంకు లేదు. ప్లాస్టిక్ చట్రాలు, వాటిని పట్టుకుని వేలాడుతున్న చిన్న చిన్న ముక్కలు. అమ్మ చూసి "అంత దూరం నుంచి విరిగిపోయిన బొమ్మ తెచ్చాడేంట్రా" అంది.

అసలు ట్యాంకులో 35వ వంతు. ఆ 35 లెక్క వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. 1960ల మొదట్లో తమియా తన మొదటి ట్యాంకు కిట్టు చేసేటప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలని కొలుచుకుంటే ఆ సైజు వచ్చింది. తర్వాత ప్రపంచమంతా అదే పట్టుకుంది. జామెట్రీ బాక్సులో స్కేలు తీసి లెక్కేశాను. దాదాపు 7 మీటర్ల ఒళ్లు 20 సెంటీమీటర్లయింది. 125 మిల్లీమీటర్ల గన్ను మూతి మూడున్నర మిల్లీమీటర్లకి వచ్చింది. అగ్గిపుల్ల దూరుతుంది.

కాగితంలో ఎక్కడ చూసినా సిమెంటుతో అతికించాలని ఉంది. పెట్టెలో సిమెంటు లేదు. బీసెంట్ రోడ్డులో ఒక షాపాయన ఫెవికాల్ చేతిలో పెట్టాడు, ఇంకొకాయన ఎన్ని బస్తాలు కావాలన్నాడు. ఫెవికాల్‌తో అతికిస్తే ఆరాక పొరలాగా ఊడొచ్చింది. చివరికి పెట్టె సంకలో పెట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

మేస్త్రి నన్నేమీ అడగలేదు. చట్రంలోంచి చిన్న ముక్క విరిచి, థిన్నర్ ఉన్న మూతలో పడేసి బీడీ వెలిగించుకుందామని అవతలికి వెళ్లాడు. తిరిగొచ్చి పుల్లతో పొడిస్తే ముక్క మెత్తబడి సాగింది. "ఇది కరుగుతుంది అబ్బాయ్. కరిగేదానికి జిగురెందుకు?" అన్నాడు. రెండు ముక్కలు ఒకదానికొకటి ఆనించి పట్టుకోమని, సన్న బ్రష్షు థిన్నర్‌లో ముంచి అతుకు అంచున ముట్టించాడు, అంతే. థిన్నర్ తనంతట తనే సందులోకి పాకిపోయింది. చూస్తుండగా గీత పొడవునా తడి మెరుపు ఒకటి పరిగెత్తి ఆరిపోయింది. రెండు అంచులూ కరిగి ఒకటైపోయాయి. విరిస్తే వేరేచోట విరగాలి తప్ప అక్కడ కాదు. పాలిస్టైరీన్ అనీ, ఆ కిట్ల సిమెంటు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుందనీ నేను చదువుకున్నది చాలా తర్వాత.

"దీని మీద థిన్నర్ కలిపే డూకో కొడితే మొహం చెడిపోద్ది. ఎనామిల్ కొట్టాలి, టర్పెంటైన్ కలిపి" అని అప్పుడే చెప్పేశాడు. రంగు తనే వేస్తానన్నాడన్నమాట.

*

మామయ్య వచ్చేసరికి కింది ఒళ్లు, చక్రాలు అయ్యాయి. టీ-72కి పక్కకి ఆరు చక్రాలు, ఒక్కొక్కటీ జంట. అంటే 24 బిళ్లలు. ప్రతిదాని చుట్టూ రబ్బరుకి నలుపు వెయ్యాలి. చీపురుపుల్లకి గుచ్చి, బ్రష్షు కదలకుండా పట్టుకుని పుల్లని తిప్పమని మేస్త్రి నేర్పాడు. మొదటి నాలుగు సరదాగా ఉంటాయి. ఆ తర్వాత ట్యాంకు కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంటాం.

సాయంత్రం వరండాలో చాప, దాని మీద మామయ్య, బనీను, గోళ్ల కత్తెర. చట్రంలోంచి ముక్కలు తుంచడానికి మా ఇంట్లో దానికి మించిన పనిముట్టు లేదు. ఆయన కాగితం చూసేవాడు కాదు. ముక్క చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, ఇది ఎక్కడిదో చెప్పేసేవాడు. పనిలో పనిగా కబుర్లు. డ్రైవరు ముందు భాగంలో సరిగ్గా మధ్యలో కూర్చుంటాడు. స్టీరింగ్ ఉండదు, అటో కర్ర ఇటో కర్ర. ఎటు తిరగాలంటే అటు కర్ర లాగాలి. ముందుకి ఏడు గేర్లు, వెనక్కి ఒక్కటే. ఆ ఒక్కదాంట్లో గంటకి 4 కిలోమీటర్లు. "అందుకే ఎక్కడైనా దూరేముందు ఆలోచించుకుని దూరాలి. బయటికి రావడం నడకే." పాత విజయంత ట్యాంకులో నలుగురు ఉండేవారు, ఇందులో ముగ్గురే. గుండు ఎక్కించే పని మిషన్ చేస్తుంది. కింద గుండ్రంగా 22 గుండ్లు సర్ది ఉంటాయి. "వాటి పక్కనే అందరం కూర్చుంటాం" అని అమ్మ దగ్గర లేనప్పుడు చెప్పాడు.

వెనకాల కట్టే దుంగ ముక్క చూసి మాత్రం నవ్వాడు. ప్లాస్టిక్ దుంగ. పెరట్లోకెళ్లి వేపపుల్ల విరుచుకొచ్చి, కొలత చూసి కోసి, బెరడు ఉండగానే పెట్టాడు. ట్యాంకు బురదలో కూరుకుపోయినప్పుడు దాన్ని పట్టాలకి అడ్డంగా కడితే, పట్టాలు తిరిగేకొద్దీ అది కిందకి వెళ్లి బండిని పైకి ఎత్తుతుందట. "41 టన్నుల బండి ప్రాణం ఒక దుంగ మీద" అన్నాడు. మర్నాడు పొద్దున నాన్న పళ్లు తోముకోవడానికి అదే కొమ్మ విరిస్తే మామయ్యా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

కరెంటు పోయినప్పుడు ఇంకో పని. చట్రం ముక్కని కొవ్వొత్తి మీద వేడిచేసి, మెత్తబడగానే రెండు చేతులతో లాగితే వెంట్రుకంత సన్నటి పోగు వస్తుంది. దాన్ని కోస్తే యాంటెనా. లాగే వేగం బట్టి మందం. మామయ్యకి ఎంతకీ కుదరలేదు, నాకు కుదిరింది. రబ్బరు పట్టాల కొసలు కలిపేందుకు స్క్రూడ్రైవర్ మొన కిరసనాయిలు స్టవ్వు మీద కాల్చి బుడిపెల మీద నొక్కడం మాత్రం ఆయనే చేశాడు. ఇంటినిండా కాలిన ప్లాస్టిక్ కంపు. ఆ రోజు వంటింట్లోంచి మా ఇద్దర్నీ వెళ్లగొట్టారు.

*

ఇక రంగు. మామయ్యకి ఎడారి రంగు కావాలి, దాని మీద ఆకుపచ్చ మచ్చలు. మేస్త్రి శాంపిల్ అడిగాడు.

"శాంపిల్ ఎక్కడిది మేస్త్రి గారూ, ఇసుక రంగు."

"ఏ ఇసుక బాబూ? కృష్ణ ఇసుక ఒక రంగు, సముద్రం ఇసుక ఒక రంగు."

మామయ్య ఇంటికొచ్చి పాత కాన్వాసు సంచీ తిరగేసి దులిపాడు. కుట్ల మధ్యలోంచి కాస్త ఇసుక రాలింది. కాగితంలో పొట్లం కట్టి పట్టుకెళ్లాం. మేస్త్రి దాన్ని అరచేతిలో పోసుకుని ఎండలో చూశాడు, నీడలో చూశాడు, ఉమ్మి తడిపి చూశాడు. తర్వాత లారీ పసుపు, తెలుపు, రెడ్ ఆక్సైడ్ కొంచెం, నలుపు అగ్గిపుల్లతో చుక్కలు చుక్కలుగా. గోరు మీద రాసుకోవడం, తుడుచుకోవడం. ఒక లారీ ఓనరు వచ్చి తన బండి ఎప్పటికవుతుందని అడిగితే "మిలిటరీ పని నడుస్తోంది" అని పంపించేశాడు.

బెజవాడలో మే నెల మధ్యాహ్నం స్ప్రే కొడితే గన్ను నుంచి వస్తువు దాకా వెళ్లేలోపే రంగు గాల్లో ఆరిపోతుంది. పైన పొడిపొడిగా పడుతుంది. అందుకని చీకటి పడ్డాక, గాలి ఆగాక, వంద క్యాండిల్ బల్బు కింద కొట్టాడు. కంప్రెషర్ గాలి తగ్గించి, ముందు పేపర్ మీద వదిలి చూసుకుని, దూరం నుంచి పొరలు పొరలుగా. మచ్చలు మటుకు ఉడత బ్రష్షుతో. మర్నాడు చూస్తే ట్యాంకు తళతళలాడుతోంది. షెడ్డులో కుర్రాళ్లందరూ చుట్టూ చేరారు. ముందు వైపు చిన్నగా కనకదుర్గ ప్రసన్న రాయమంటారా అని మేస్త్రి అడిగాడు. మన ట్యాంకుల మీద కూడా పేర్లు రాసుకుంటారు కాబట్టి మామయ్య దానికి సరేనన్నాడు. మెరుపుకి ఒప్పుకోలేదు.

"మెరిస్తే దూరం నుంచి కనపడిపోతాం మేస్త్రి గారూ. మెరవకూడదు. ఇంకో సంగతి, ఇది కొత్తగా ఉంది. వాడిన బండిలా ఉండాలి. సైలెన్సర్ దగ్గర తుప్పు, మసి. ఎక్కి దిగే చోట రంగు పోయి ఇనుము కనపడాలి."

మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. "పాతికేళ్లుగా తుప్పు దాచి అన్నం తింటున్నా. ఇప్పుడు నా చేత్తో తుప్పు వెయ్యాలా?" అన్నాడు. కోపం కాదు, నిజంగా కష్టంగా ఉంది ఆయనకి. ట్యాంకుని తీసి బీరువా మీద పెట్టేశాడు. రెండ్రోజులు దాని సంగతి ఎత్తలేదు. మామయ్య కూడా తగ్గలేదు. టీ తాగడానికని రోజూ వెళ్లి, టీ తాగి వచ్చేసేవాడు.

మెరుపు సంగతి ముందు తేలింది. టర్పెంటైన్‌లో పల్చగా కలిపిన ఎనామిల్‌కి మొహానికి రాసుకునే పౌడరు కలిపి పైన ఒక చేయి వేస్తే మెరుపు చచ్చింది. పౌడరు డబ్బా మా ఇంట్లోదే. తుప్పుకి మేస్త్రి ఎప్పుడు మెత్తబడ్డాడో నాకు తెలీదు. ఒక మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చి వెళ్తే ఆయనా మామయ్యా నేల మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రి చేతిలో రెడ్ ఆక్సైడ్, స్పాంజి ముక్క. ఎడమ పక్క సైలెన్సర్ మీద అద్దుతున్నాడు. "అక్కడ కాదు, నీళ్లు నిలిచే మూలలో మొదలవుద్ది తుప్పు" అని మామయ్యకే పాఠం చెబుతున్నాడు. తుప్పు ఎక్కడ పుడుతుందో, ఎటు జారుతుందో, దాన్ని ఏళ్ల తరబడి గీకినవాడికంటే ఎవరికి తెలుస్తుంది? దీపం మసి వేలితో రాశారు. మూతల అంచుల మీద పెన్సిల్ సీసం రుద్దితే రంగు పోయి ఇనుము బయటపడిన మెరుపు వచ్చింది. జవాన్ల బూట్లు ఎక్కడెక్కడ ఆనతాయో మామయ్య వేలితో చూపిస్తే అక్కడే రుద్దాం, ఇంకెక్కడా కాదు. డీజిల్ పోసే మూత చుట్టూ ఒక చుక్క పాత ఇంజనాయిల్.

చివర్లో నేను ఆ రాజస్థాన్ ఇసుకే చల్లుదామన్నాను. చల్లి చూస్తే ట్యాంకు మీద గులకరాళ్లు పోసినట్టయింది. అసలు ఇసుకే, కాకపోతే ఆ ట్యాంకుకి 35 రెట్లు పెద్దది. దులిపేసి, ఇసుక రంగునే నీళ్లగా చేసి కింది భాగాల మీద పోనిచ్చాం.

*

గల్ఫ్ యుద్ధం అయ్యి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఇరాక్ ఎడారిలో తగలబడిన టీ-72లు టీవీలో అందరూ చూసినవే. షెడ్డులో ఒక కుర్రాడు అమాయకంగానే అడిగాడు, "అన్నా, మీ బళ్లేనంటగా అక్కడ అన్ని కాలిపోయింది?" మేస్త్రి వాణ్ణి కసిరాడు. మామయ్య పర్లేదన్నాడు. అమెరికా వాళ్లకి చీకట్లో దూరం నుంచి కనపడింది, ఇరాక్ వాళ్లకి కనపడలేదు, అంతకంటే పెద్ద కథ లేదన్నాడు. ఆగి, "నేనైతే టీవీలో మూతలే చూశాను. డ్రైవరు మూత తెరిచి ఉందా, మూసి ఉందా అని" అన్నాడు. తర్వాత టీ గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాడు. దాని గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ సంక్రాంతికి అమ్మ ట్యాంకుని బొమ్మల కొలువులో పెట్టింది. కొండపల్లి దశావతారాలు పై మెట్టు, అంబారీ ఏనుగు ఆ కింద, దాని పక్కన మా టీ-72. పేరంటానికొచ్చిన వాళ్లు పసుపు కుంకుమ తీసుకుంటూ "ఇదేంటి వదినా, పాతదైపోయింది, కొంచెం రంగు వేయించలేకపోయావా" అన్నారు. ఈ మాట చెబితే మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత తన దగ్గరికి వచ్చే ప్రతి లారీ ఓనరుకీ చెప్పాడు.

మేస్త్రి పోయి చాలా కాలమైంది. మామయ్య దఫేదారుగా రిటైరై, కొన్నాళ్లు బ్యాంకు గార్డుగా చేసి, ఇప్పుడు గన్నవరం దగ్గర ఉంటున్నాడు. ఆ ట్యాంకు ఆయన ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. యాంటెనా ఎప్పుడో విరిగింది, వేపదుంగ మాత్రం గట్టిగానే ఉంది.

నేను ఈ మధ్య మళ్లీ మొదలెట్టాను. అన్నీ ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. సన్న మూతి సిమెంటు, వాసన లేని యాక్రిలిక్ రంగులు, పెన్నంత ఎయిర్‌బ్రష్. తుప్పు సీసాల్లో అమ్ముతున్నారు, దుమ్ము సీసాల్లో అమ్ముతున్నారు, సైలెన్సర్ మసికి ఇంకో సీసా. మేస్త్రికి చూపిస్తే వాటి రేటు విని కూర్చుండిపోయేవాడు. మొన్న టీ-90 పూర్తిచేశాను, మన వాళ్లు భీష్మ అంటారే అది. మచ్చలు బాగా వచ్చాయనిపించి ఫొటో తీసి మామయ్యకి వాట్సాప్‌లో పంపాను. డ్రైవరు మూత తెరిచి, లోపల చిన్న బొమ్మని కూడా పెట్టాను. అరగంటకి ఫోన్ చేశాడు.

"రంగు బాగుంది రా. గన్ను ఎక్కడ పెట్టావు?"

"ముందుకే మామయ్యా, తిన్నగా."

"అదే చెబుతున్నా. డ్రైవరు మూత మీదకి వచ్చింది చూడు. ఏదన్నా అయితే వాడు బయటికి ఎట్లా వస్తాడు? టరెట్ కాస్త పక్కకి తిప్పు."

అదృష్టం కొద్దీ టరెట్, అంటే గన్ను ఉండే పైభాగం, అతికించలేదు. తిప్పి ఇంకో ఫొటో పంపాను. దాన్ని పెద్దది చేసి చూసుకున్నాడు కాబోలు, కొంచెం ఆగి సమాధానం వచ్చింది: "ఇప్పుడు దిగుతాడు."